పాత వెండి రూపాయి కొనేముందు దాని కండిషన్ ఎలా చూడాలి?

గుణుపురం నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. బరంపురంలో ఒకాయన 1901 నాటి విక్టోరియా వెండి రూపాయి చూపించాడట. నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు తళతళలాడుతోందట. "యూఎన్‌సీ పీసు (అసలు చలామణిలో తిరగనిది), మళ్ళీ ఇలాంటిది దొరకదు" అంటూ వెండి ధరకు చాలా రెట్లు చెప్పి అడ్వాన్స్ అడుగుతున్నాడట. కొనేముందు దాని కండిషన్ తెలుసుకునేది ఎలా?

సూటిగా చెబుతాను. అడ్వాన్స్ ఇవ్వకండి. బిళ్ళను మరోసారి పగటిపూట చేతికి తీసుకుని చూడండి. మొదట అంచు, తర్వాత అరుగుదల, ఆ తర్వాత తళుకు, చివర్లో తూకం. ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలి. ఒక్కటి తేడాగా మాట్లాడినా అది యూఎన్‌సీ కాదు, వెండి విలువకు కాస్త అటూ ఇటూగా పలికే బిళ్ళ. పైగా 1901 రూపాయి దొరకని సంవత్సరమేమీ కాదు, లెక్కలేనన్ని కొట్టారు. దీని కోసం టెన్షన్ పడాల్సిన పని లేదు. ఇది పోతే ఇంకోటి వస్తుంది.

మాది రాయగడలో వెండి పని చేసే ఇల్లు. నాన్నగారి షాపులో చిన్నప్పటి నుంచీ కూర్చున్నాను, ముప్పై ఏళ్ళుగా రూపాయి బిళ్ళలు పోగుచేస్తున్నాను. అందరూ ముందు బొమ్మ చూడమంటారు. నేను అంచు నుంచి ఎందుకు మొదలుపెట్టమంటున్నానంటే, దానికి మన ప్రాంతమే కారణం.

1835 నుంచి 1939 దాకా వచ్చిన ప్రామాణిక వెండి రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. మన పెద్దవాళ్ళు మందు తూచేటప్పుడు 'రూపాయెత్తు' అనేది ఇందుకే. అందులో వెండి 91.7 శాతం. 1940లో దాన్ని 50 శాతానికి తగ్గించి మిగతాది రాగి, నికెల్, జింకుతో నింపారు. ఇక పాత మంచి బిళ్ళలను ఎవరు బయటికి వదులుతారు? అవి ఇళ్ళలోనే ఉండిపోయాయి. మన రాయగడ, కొరాపుట్, గజపతి వైపు చాలామటుకు మెడలోకి వెళ్ళాయి. ఒడియాలో టంకామాలి అంటారు, మన ఇళ్ళలో రూపాయల దండ. బుధవారం చాటికోన సంతకు వెళ్తే ఇప్పటికీ ఒకటీ అరా కనిపిస్తాయి. దండ చేయాలంటే ప్రతి బిళ్ళకూ తల దగ్గర ఒక రింగు టంకం పెట్టి అతికించాలి, లేదా బెజ్జం వేయాలి. ఆ దండ అమ్మకానికి వచ్చిన రోజున వ్యాపారి రింగులు ఊడదీసి, ఆకురాయితో సాపు చేసి, పాలిష్ పెట్టి విడి బిళ్ళలుగా అమ్ముతాడు. నాన్నగారి షాపులో కూడా ఈ పని జరిగేది, ఆ రోజుల్లో ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. నేనే ఎన్నో రింగులు తీశాను కాబట్టి ఆ గుర్తు ఎక్కడ దాక్కుంటుందో నాకు బాగా తెలుసు.

అంచు చూసే పద్ధతి. పది రెట్లు పెద్దదిగా చూపించే లెన్స్ కావాలి, కంసాలి కంటికి పెట్టుకునేది చాలు. కింద మెత్తటి గుడ్డ పరిచి, బిళ్ళను రెండు వేళ్ళతో అంచుల దగ్గరే పట్టుకుని, చుట్టూ నెమ్మదిగా తిప్పండి. అంచు మీద సన్నటి నిలువు గీతలు ఒకే ఎడంతో, ఒకే లోతుతో సాగిపోవాలి. రాణి కిరీటానికి నేరుగా పైన, గడియారంలో 12 అంకె ఉండే చోట ఆగండి. అక్కడ మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర గీతలు పలచబడినా, నునుపుగా ఉన్నా, గీతల సందుల్లో తెల్లగా గానీ పసుపుగా గానీ ఏదో పూడుకుపోయినట్టు కనిపించినా అది టంకమే. గీతలు తిరిగి చెక్కేవాళ్ళు కూడా ఉన్నారు. చేత్తో చెక్కిన గీత పక్కవాటితో సరిగ్గా కుదరదు, ఒకటి వంకరగా పోతుంది. బెజ్జం పూడ్చిన బిళ్ళయితే నోటితో ఆవిరి పట్టించండి. పూడ్చిన చోట ఆవిరి ఆరే తీరు వేరుగా ఉంటుంది, గుండ్రటి నీడలాగా ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది.

నేను మోసపోయిన బిళ్ళ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. 1918 ఐదో జార్జి రూపాయి. షాపులో ఎన్ని రింగులు తీసినా, సొంత డబ్బుతో కొన్న రోజు బొమ్మ చూసి పడిపోయాను. గడ్డం వెంట్రుకలు, చెవి, దుస్తుల మీది ఏనుగు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. సంతలో ఎండలో చూసి బేరం కూడా సరిగా ఆడకుండా కొన్నాను. ఇంటికొచ్చి రాత్రి దీపం కింద అంచు తిప్పుతుంటే కిరీటం పైన మిల్లీమీటరు వెడల్పున నున్నటి మచ్చ. దానికి ఎదురుగా, బిళ్ళ ముఖం చుట్టూ ఉండే పూసల వరసలో రెండు పూసలు కరిగి కలిసిపోయి ఉన్నాయి, టంకం వేడికి అలా అవుతాయి. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ రోజు నుంచి బొమ్మ చూడకముందే అంచు చూడడం అలవాటు చేసుకున్నాను.

ఇక అరుగుదల. నాణెం జేబుల్లో, సంచుల్లో తిరిగితే ముందు ఎత్తుగా ఉన్న చోట్లు అరుగుతాయి. అవి ఏ రాజుకు ఎక్కడో తెలిస్తే చాలు. మీ విక్టోరియాకు చెవి పైన జుట్టు పాయలు, చెక్కిలి, కిరీటం కమ్మీలూ వాటి మీది రత్నాలు, గౌను ముందు భాగంలో ఉన్న కుట్టుపని. యూఎన్‌సీ అంటే ఈ కుట్టుపనిలో ప్రతి పోగూ విడిగా కనబడాలి, చెక్కిలి మీద కూడా మిగతా పొలంలో, అంటే బొమ్మ చుట్టూ ఖాళీగా ఉండే చదునులో, ఉన్న తళుకే ఉండాలి. ఏడో ఎడ్వర్డుకు కిరీటం లేదు కాబట్టి చెవి మీది జుట్టు, కనుబొమ, గడ్డం చూడండి. ఐదో జార్జికి కిరీటం పైభాగం, కనుబొమ, దుస్తుల మీది ఏనుగు. ఆ ఏనుగుకు ఒక కథ ఉంది. 1911లో వచ్చిన రూపాయి మీద తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని గొడవ లేచింది. చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు, 1912 నుంచి తొండం మార్చి కొట్టారు. అందుకే 1911 బిళ్ళ అంటే సేకరించేవాళ్ళకు అంత మోజు.

ఇక్కడ కొత్తవాళ్ళు తడబడేది ఒకటుంది. కొన్ని బిళ్ళలు టంకశాలలోనే సరిగా పడవు, అచ్చు నొక్కు చాలక జుట్టు చదునుగా వస్తుంది. దాన్ని చూసి అరిగిందనుకుంటాం. తేడా తళుకులోనే ఉంటుంది. అచ్చు సరిగా పడని చోట కూడా తళుకు ఉంటుంది. అరిగిన చోట తళుకు పోయి, మసకగా బూడిద రంగు తిరిగి ఉంటుంది. దీపం కింద వంచి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

గ్రేడ్ల పేర్లు అమ్మేవాడు నోటికొచ్చినట్టు వాడతాడు కాబట్టి స్థూలంగా చెబుతాను. ఫైన్ అంటే బొమ్మ ఆకారం, అక్షరాలు బాగా ఉన్నా లోపలి పని చాలావరకు అరిగింది. వీఎఫ్ అంటే జుట్టు పాయల్లో సగానికి పైగా లెక్కపెట్టగలం. ఎక్స్‌ఎఫ్ అంటే ఎత్తైన చోట్ల మాత్రమే కొద్దిగా రాపిడి. ఏయూ అంటే రాపిడి ఉందా లేదా అని లెన్స్ పెట్టి వెతకాలి. యూఎన్‌సీకి చలామణి రాపిడి అసలు ఉండకూడదు, సంచిలో ఒకదానికొకటి తగిలిన చిన్న నొక్కులు ఉంటే పర్వాలేదు. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు 1 నుంచి 70 దాకా అంకెలతో గ్రేడు ఇస్తాయి, 60 నుంచి పైవి యూఎన్‌సీ. కడిగినవాటికి, రింగు తీసినవాటికి అంకె ఇవ్వకుండా 'డిటైల్స్' అని రాసి ఆ లోపం కింద పేర్కొంటాయి. ఎంత బాగా కనిపించినా సరే. ఈ ఒక్క మాట చాలు, అంచు ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది.

తళుకు గురించి మాత్రం నింపాదిగా చదవండి, మీ బిళ్ళ విషయం తేలేది ఇక్కడే.

అచ్చు పడేటప్పుడు వెండి మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. ఆ పారకంలో కంటికి కనబడనంత సన్నటి గీతలు పడతాయి. వాటి మీద వెలుతురు పడి, బిళ్ళను వంచినప్పుడు బండిచక్రం ఆకుల్లాగా రెండు వెలుగు పట్టీలు గుండ్రంగా తిరుగుతాయి. అసలైన తళుకు ఇదే. పాలిష్ పెడితే ఆ గీతలు చదునైపోతాయి. అప్పుడు బిళ్ళ మొత్తం స్టీలు గిన్నెలాగా ఒకేసారి మెరుస్తుంది, వెలుగు తిరగదు. పోయిన తళుకు మళ్ళీ రాదు, ఏ కంసాలీ తేలేడు.

చూసే దీపం కూడా ముఖ్యం. షాపుల్లో వరసగా ట్యూబులైట్లు, పైన ఎల్‌ఈడీ పట్టీలు ఉంటాయి. వెలుతురు నాలుగు వైపుల నుంచీ వస్తే సన్నగీతలు కనబడవు. ఒకే ఒక్క పాత గుండు బల్బు గానీ, కిటికీలోంచి ఒక పక్క నుంచి వచ్చే పగటి వెలుతురు గానీ కావాలి. బిళ్ళను వంచుతూ పోతే, గుడ్డతో గానీ పళ్ళపొడితో గానీ తోమిన గీతలు అన్నీ ఒకే దిక్కుకు, లేదా సుడులుగా, వెంట్రుకల్లాగా బయటపడతాయి. ముఖం పక్కన ఉన్న ఖాళీ పొలంలో చూడండి. అక్షరాల చుట్టూ కూడా చూడండి. గుడ్డ చేరని సందుల్లో నల్లగా, బయట తెల్లగా ఉంటే తోమిన బిళ్ళే.

ఇంకో రకం ఉంది. వెండి తెల్లబరిచే మందులో ముంచినవి. వీటికి గీతలుండవు, కానీ ఎక్కువసేపు ముంచితే పైపొర తినేసి బిళ్ళ సున్నం కొట్టిన గోడలా తెల్లగా, జీవం లేకుండా తయారవుతుంది. 120 ఏళ్ళు దాటిన వెండి మన తేమ వాతావరణంలో పాలలాగా తెల్లగా ఉందంటే, ఎవరో ఏదో చేశారనే అనుకుని చూడడం మొదలుపెట్టండి. మీ బిళ్ళ తళతళలాడుతోందన్నారు కదా, నా అనుమానం అందుకే.

మన ఇళ్ళలో బిళ్ళలు పాడయ్యేది చాలావరకు భక్తితోనే. మా అమ్మ ఏటా వరలక్ష్మీ వ్రతానికి ముందు దేవుడి గిన్నెలతో పాటు తొమ్మిది ఎడ్వర్డు రూపాయలూ చింతపండుతో, విభూతితో తోమేది. మధ్యలో ఒకటి 1907 బిళ్ళ, మా తాతగారు పెళ్ళిలో ఇచ్చింది. నాకు ఊహ తెలిసేసరికే ఎడ్వర్డు చెవి ముఖంలో కలిసిపోయింది. అమ్మ ఆ పని ఎంత శ్రద్ధతో చేసేదో నేను చూశాను కాబట్టి ఒక్క మాట అనలేకపోయాను. ఆ తొమ్మిదీ నేను అమ్మను, అమ్మబోను. కానీ అలాంటి బిళ్ళ ఎవరైనా ఎక్స్‌ఎఫ్ ధరకు చూపిస్తే మాత్రం కొనను.

దీనికి పూర్తిగా ఎదురు ఇంకో సంగతి. పర్లాకిమిడిలో తెలిసినవాళ్ళ ఇంట్లో ముసలమ్మగారి పెట్టెలో, పాత పంచె ముక్కలో చుట్టి 1919 బిళ్ళ ఒకటి దొరికింది. బయటికి తీస్తే బొగ్గులా ఉంది. చుట్టూ నీలం, లోపల ఇటుకరంగు, మధ్యలో నలుపు. వాళ్ళు సిగ్గుపడి "కడిగి ఇస్తామండీ" అన్నారు. నేను వద్దు వద్దని చేయి అడ్డం పెట్టాను. కిటికీ దగ్గర వంచి చూస్తే ఆ నలుపు కింద నుంచి వెలుగు పట్టీలు నిండుగా తిరుగుతున్నాయి. దుస్తుల మీది ఏనుగు తొండం చివర దాకా ఉంది. వెండి గాలిలోని గంధకంతో కలిసి కట్టిన పొర అది, తళుకును కాపాడిందే తప్ప పాడుచేయలేదు. వాళ్ళు అడిగినదానికి ఎక్కువే ఇచ్చాను, ఎందుకో వివరంగా చెప్పి మరీ ఇచ్చాను. నా పెట్టెలో ఇప్పుడు అన్నిటికన్నా మంచి బిళ్ళ అదే.

నలుపంతా మంచిదని కాదు. ఒకే మందంతో పూసినట్టుండి, గోటితో తాకితే రాలేది కృత్రిమంగా పట్టించింది. ఆకుపచ్చగా జిగురుజిగురుగా ఉంటే పీవీసీ ప్లాస్టిక్ కవర్లో ఏళ్ళ తరబడి పెట్టారని అర్థం. మొదట్లోనే చూసుకుంటే శుద్ధమైన అసిటోన్‌లో ముంచి తీస్తే పోతుంది, వెండిని అది ఏమీ చేయదు. మంటకు దూరంగా, గాలి ఆడే చోట చేయండి. ఆలస్యమైతే వెండిలోకి తినేస్తుంది.

తూకం, నీళ్ళ పరీక్ష. 0.01 గ్రాము దాకా చూపించే జేబు త్రాసు కొనుక్కోండి. కొత్త బిళ్ళ 11.66. 1906 నాణేల చట్టం ప్రకారం 2 శాతం దాకా అరిగినా చెల్లుబాటయ్యేది, అంటే సుమారు 11.43 దాకా. చాలామంది తూకాన్ని అసలూ నకిలీ తేల్చడానికే వాడతారు, నేను కండిషన్ చూడడానికి కూడా వాడతాను. బొమ్మ యూఎన్‌సీలా ఉండి తూకం 11.40 వస్తే ఆ రెండూ కలిసి నిజం కాలేవు. గీతలు తిరిగి చెక్కారు, లేదా యాసిడ్‌లో ముంచారు, లేదా బిళ్ళే నకిలీ. 11.75 వస్తే అంచులో టంకం మిగిలి ఉందేమో చూడండి.

జయపురంలో ఒక బిళ్ళ చూశాను, 11.64 తూగింది. అందరూ మంచిదన్నారు. నాకు అక్షరాలు కాస్త మొద్దుగా అనిపించి నీళ్ళ పరీక్ష చేశాను. చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. బిళ్ళను సన్నటి దారంతో కట్టి, అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోవాలి. బుడగలు లేకుండా చూసుకోవాలి. 91.7 శాతం వెండి రూపాయికి త్రాసు 1.13 దగ్గర చూపించాలి. దానికి 1.34 చూపించింది. అంటే జర్మన్ సిల్వర్ (వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం) మీద వెండి పూత. 1940 తర్వాతి 50 శాతం బిళ్ళలకు ఇదే పరీక్షలో 1.22 దగ్గర వస్తుంది, కంగారుపడకండి. పరీక్ష అయ్యాక రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి.

గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి. మన షాపుల్లో అలవాటుగా అంచు పట్టుకుని రాయి మీద లాగేస్తారు, బిళ్ళ విలువ అక్కడికక్కడే పోతుంది. షాపులో వెండి శాతం చూపించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ పైపొరనే చదువుతుంది, మందంగా పూత ఉంటే అదీ వెండి అనే చెబుతుంది. గచ్చు మీద పడేసి ఖంగుమందా లేదా అని వినడం కూడా వద్దు. వేలి కొన మీద నిలిపి పెన్సిలుతో మెల్లగా తడితే చాలు. గుంయ్‌మని సాగాలి. టప్‌మని ఆగిపోతే లోపల పగులో, పూడ్చిన బెజ్జమో ఉంటుంది.

పాత ఈస్టిండియా కంపెనీ రూపాయల మీద చిన్న చిన్న పూలు, నక్షత్రాల్లాంటి గుర్తులు గుద్ది ఉంటాయి, షరాబులు వెండి పరీక్షించి వేసినవి. గ్రేడు తగ్గుతుంది గానీ నాకవి ఇష్టం. ఆ బిళ్ళ ఎన్ని చేతులు మారిందో ఆ గుర్తుల్లో కనబడుతుంది. మీ 1901 బిళ్ళ మీద ఉంటే మాత్రం అది చలామణిలో తిరిగిందనే లెక్క.

అరుదైన సంవత్సరాల దగ్గర ఇంకా జాగ్రత్త. 1939 రూపాయి చాలా తక్కువగా మిగిలింది, 1938 మాత్రం సులువుగా దొరుకుతుంది. 8ని గీకి 9గా మార్చిన బిళ్ళలు వస్తాయి. లెన్స్ పెట్టి ఆ అంకె చుట్టూ పొలం గరుకుగా ఉందేమో చూడండి. 1818 సంవత్సరంతో సీతారాములు, హనుమంతుడు ఉన్న 'కంపెనీ నాణేలు' మన వైపు చాలా తిరుగుతున్నాయి. ఈస్టిండియా కంపెనీ అలాంటివి ఎప్పుడూ కొట్టలేదు. బియ్యం లాగే నాణెం అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, దాని వల్ల కొంపలు మునిగినవాళ్ళను నేను చూశాను. ఇంకొకటి, వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. దేశం బయటికి పంపకూడదు, విదేశాల్లో చుట్టాలున్నా సరే.

ధర ఎంత పెట్టాలో ఇలా లెక్క వేసుకోండి. 11.66 గ్రాముల్లో అసలు వెండి 10.69 గ్రాములు. ఆ రోజు రేటుతో గుణిస్తే వచ్చేది నేల ధర. తోమినా, రింగు తీసినా దాని మీద నేను కొద్దిగానే కలుపుతాను. తాకని ఎక్స్‌ఎఫ్, ఏయూ అయితే సంతోషంగా ఎక్కువ పెడతాను. యూఎన్‌సీ ధర మాత్రం నాలుగు పరీక్షలూ నా చేతులతో చేశాకే ఇస్తాను.

ఈసారి బరంపురం వెళ్ళినప్పుడు లెన్సు, త్రాసు, కప్పు, దారం తీసుకెళ్ళండి. షాపు బయట నీడలో చూస్తానని అడగండి. నీళ్ళ పరీక్షకు ఒప్పుకోకపోతే ఏమీ అనకండి, నమస్కారం పెట్టి వచ్చేయండి. వెళ్ళడం కుదరకపోతే ఆయన్ను మూడు అడగండి: ఒకే దీపం కింద బిళ్ళను మెల్లగా వంచుతూ తీసిన వీడియో, త్రాసు మీద తూకం కనిపించే ఫొటో, అంచు చుట్టూ ఆరు ఫొటోలు. అవి ఇక్కడ పెడితే నేనూ చూస్తాను. కిరీటం పైన, 12 గంటల చోటు ఫొటో మాత్రం మసక లేకుండా దగ్గర నుంచి తీయించండి. ముందు దాన్నే చూస్తాను.